రాగితీగ పోయి గాజుతీగ వచ్చే ముందు: ఇంటి ఫోనుపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంటి ఫోనును పాత రాగి లైను నుంచి ఫైబర్‌కు మార్చుకోవడం గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక్క ఉత్తరాన్నే తీసుకున్నాము.

ప్రశ్న: ఇంట్లో నేను, నా భార్య మాత్రమే ఉంటున్నాము. పిల్లలు హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఏళ్ల తరబడి ఉన్న మా ల్యాండ్‌లైన్ వాన పడితే గరగరమంటోంది, నెలలో సగం రోజులు మూగబోతోంది. ఫైబర్‌కు మారితే ఇదే నంబరు మీద ఫోనుతో పాటు ఇంటర్నెట్ కూడా వస్తుందని చెబుతున్నారు. పాత ఫోను కరెంటు పోయినా మోగేది. కొత్తది మోగుతుందా? తుపాను వస్తే మా సంగతి ఏమిటి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, నరసన్నపేట

జవాబు: మాస్టారూ, చాలామంది ఫైబర్ పెట్టించుకున్న తరువాత, మొదటిసారి కరెంటు పోయినప్పుడు అడిగే ప్రశ్నను మీరు ముందే అడిగారు. పాత ఫోనుకు మీ ఇంటి కరెంటుతో సంబంధం లేదు. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి 48 వోల్టుల విద్యుత్తు అదే రాగితీగల జత మీదుగా మీ ఇంటి దాకా వస్తుంది. రిసీవరు ఎత్తగానే డయల్ టోను వినిపించడానికి, మీ మాట అవతలికి చేరడానికి ఆ విద్యుత్తే సరిపోతుంది. ఎవరైనా ఫోను చేసినప్పుడు గంట మోగించే విద్యుత్తును కూడా ఎక్స్ఛేంజే పంపుతుంది. ఊరంతా చీకటిగా ఉన్నా, ఎక్స్ఛేంజిలో బ్యాటరీలు గాని జనరేటరు గాని పనిచేస్తున్నంత సేపు మీ ఫోను పలికేది అందువల్లనే.

ఫైబర్ అనేది సన్నని గాజుతీగ. అందులో నడిచేది వెలుతురు మాత్రమే, కరెంటు దాని మీదుగా రాదు. మీ ఇంటి గోడకు బిగించే చిన్న పెట్టె, సాంకేతికంగా ఓఎన్‌టీ అని పేరున్నా అందరూ మోడెమ్ అనే పిలిచేది, ఆ వెలుతురును ఫోనుకు అర్థమయ్యే రూపంలోకి మార్చి, గంట మోగడానికి కావలసిన విద్యుత్తును కూడా తానే అందిస్తుంది. అంటే ఒకప్పుడు ఎక్స్ఛేంజి మోసిన భారంలో కొంత ఇప్పుడు మీ ఇంటి ప్లగ్గు మీద పడుతుంది. ప్లగ్గులో కరెంటు లేకపోతే పెట్టె ఆగిపోతుంది, దానితో పాటే ఫోనూ ఆగిపోతుంది. కనెక్షను అమ్మేవారు ఈ విషయాన్ని వారంతట వారు చెప్పడం అరుదు కాబట్టి, మీరే గుర్తుంచుకుని ఏర్పాటు చేసుకోవాలి.

ఆ ఏర్పాటు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఈ పెట్టెలు చాలావరకు 12 వోల్టుల అడాప్టరు మీద నడుస్తాయి, పాతరకం సీలింగు ఫ్యాను 70, 75 వాట్లు తీసుకుంటే ఇవి అందులో ఆరోవంతు కూడా తీసుకోవు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నట్లయితే, పెట్టెను ఇన్వర్టర్ లైనులో ఉన్న ప్లగ్గుకు కలపమని ఎలక్ట్రీషియనుకు చెప్పడంతో పని పూర్తవుతుంది. ఇన్వర్టర్ లేకపోతే, రూటర్ల కోసమే చేసిన చిన్న యూపీఎస్‌లు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతాయి. కొనేటప్పుడు అడాప్టరు మీద రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు యూపీఎస్ ఇచ్చే వాటితో సరిపోతున్నాయో లేదో చూసుకోవాలి. పిన్ను పట్టింది కదా అని వేరే వోల్టుల దానిని తగిలిస్తే పెట్టె కాలిపోవచ్చు. ఒకవేళ మీరు తీగ లేని కార్డ్‌లెస్ ఫోను వాడుతున్నట్లయితే దాని స్టాండుకు కూడా కరెంటు కావాలి. ఆ ఇబ్బంది లేకుండా ఒక మామూలు తీగ ఫోనును పెట్టెకు తగిలించి ఉంచడం మేలు.

ఇంట్లో యూపీఎస్ ఉన్నంత మాత్రాన పని అయిపోదు. మీ ఇంటికి వెలుతురు పంపే యంత్రం ఎక్కడ ఉందో కనెక్షను ఇచ్చేవారిని తప్పక అడగండి. అది ఎక్స్ఛేంజి భవనంలో ఉంటే దానికి బ్యాటరీలు, జనరేటరు ఉండే అవకాశం ఎక్కువ. మధ్యలో తీగను చీల్చే స్ప్లిటర్లకు కరెంటు అక్కరలేదు. కానీ కొన్ని చోట్ల స్థానిక కేబుల్ ఆపరేటరు తన గదిలోనే ఆ యంత్రాన్ని పెట్టుకుంటాడు. ఆ గదిలో బ్యాటరీ అరగంటకే ఖాళీ అయ్యేదైతే, మీ ఇంటి ఇన్వర్టర్ ఎంత పెద్దదైనా ప్రయోజనం లేదు.

ఇక తుపాను మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్ తీరం దాటినప్పుడు ఉత్తరాంధ్ర ఏమి చూసిందో మీకు చెప్పనక్కరలేదు. తిత్లీ పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు విద్యుత్ స్తంభాలూ నేలకూలాయి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ వంటి సంస్థలు తమ తీగను ఎక్కువగా విద్యుత్ స్తంభాల మీదుగానే లాగాయి కాబట్టి, స్తంభం పడిన చోట కరెంటు, ఫైబర్ రెండూ ఒకేసారి పోతాయి. అటువంటి రోజుల కోసం ఫైబర్ ఫోను మీద మాత్రమే ఆధారపడవద్దని మా సలహా. బటన్లు ఉన్న చిన్న మొబైల్ ఒకటి, ఫైబర్ ఇచ్చిన కంపెనీది కాని సిమ్ముతో, చార్జింగు పెట్టి ఉంచండి. టవర్లూ ఆగిపోవచ్చు, నిజమే. అయినా రెండు వేర్వేరు దారులు ఉండడం ఒక్క దారి కంటే నయం.

ఇదంతా చదివి రాగి లైనునే ఉంచుకోమంటున్నామని అనుకోకండి. వానకు గరగరమనడం అంటే కేబుల్ అతుకుల్లోకి నీరు దిగుతోందని అర్థం. గాజుతీగలో వెళ్లే మాటను తడి అలా చెడగొట్టదు. పిడుగు పడినప్పుడు రాగి లైను మీదుగా ఇంట్లోకి వచ్చే విద్యుత్ తాకిడి కూడా దీని వెంట రాదు. నెలలో సగం రోజులు పలకని ఫోనును, కరెంటు పోయినప్పుడు పలుకుతుందన్న ఆశతో ఉంచుకోవడంలో అర్థం లేదు. మారండి, అయితే యూపీఎస్ ఏర్పాటు చేసుకున్న తరువాత మారండి.

ప్రశ్న: కోట జంక్షన్ దగ్గర మాకు దుకాణం ఉంది. బిల్లు పుస్తకాల మీద, బోర్డు మీద 08922తో మొదలయ్యే నంబరే ఉంది, వాడుకదార్లకు కంఠతా వచ్చు. వేరే కంపెనీ ఫైబర్ తక్కువ ధరకు వస్తోంది. మొబైల్ నంబరులాగే దీనినీ కొత్త కంపెనీకి మార్చుకోవచ్చునా?
— వ్యాపారి, విజయనగరం

జవాబు: మార్చుకోలేరు. నంబరు మారకుండా కంపెనీ మారే సౌకర్యం 2011 జనవరి 20 నుంచి దేశమంతటా అమలులో ఉన్నా, అది మొబైల్ నంబర్లకే పరిమితం. ల్యాండ్‌లైన్ నంబరును ఒక కంపెనీ నుంచి మరొక కంపెనీకి తీసుకువెళ్లే వీలు మన దేశంలో లేదు. మీ పాత లైను బీఎస్ఎన్ఎల్‌ది అయి, బీఎస్ఎన్ఎల్ ఫైబర్‌కే మారితే మాత్రం అదే నంబరు ఉంచుకునే అవకాశం ఉంటుంది. దరఖాస్తు ఇచ్చేటప్పుడే ‘పాత నంబరు కొనసాగించాలి’ అని రాయించి, ఆ కాగితం నకలు దగ్గర పెట్టుకోండి. కొత్త కనెక్షనుగా నమోదైపోయి వేరే నంబరు వచ్చిన తరువాత సరిచేయించుకోవడం అంత సులువు కాదు.

ధర కోసం వేరే కంపెనీకే వెళ్లదలచుకుంటే తొందరపడి పాత లైనును సరెండర్ చేయకండి. కొన్ని నెలల పాటు రెండూ ఉంచి, పాత నంబరుకు వచ్చే ఫోన్లు మీ మొబైలుకు మళ్లేలా కాల్ ఫార్వర్డింగ్ పెట్టించుకుని, ఈలోగా కొత్త బిల్లు పుస్తకాలు అచ్చు వేయించుకోండి. ఆ నెలల అద్దె దండగ అనిపించవచ్చు. కానీ నంబరు కలవక పక్క దుకాణానికి వెళ్లిపోయిన వాడుకదారు మళ్లీ రావడానికి అంతకంటే ఎక్కువే ఖర్చవుతుంది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైలుకు చేసే ప్రతి ఫోనుకూ ముందు సున్నా నొక్కాలన్న నియమం ఫైబర్ ల్యాండ్‌లైనుకూ వర్తిస్తుంది కనుక, కొత్త ఫోను పనిచేయడం లేదని అనుకునే ముందు ఆ సున్నా సంగతి చూసుకోండి.

ప్రశ్న: మాది పాత మండువా ఇల్లు. హాలులో, పై గదిలో, వంటింట్లో మూడు ఫోన్లు ఒకే లైను మీద ఉన్నాయి. వాటిలో ఒకటి వేలితో తిప్పే నల్ల ఫోను, మా మామగారి కాలం నాటిది. ఫైబర్ వస్తే మూడింటినీ తీసేయాలా?
— గృహిణి, బొబ్బిలి

జవాబు: అమ్మా, తీసేయనవసరం లేదు. ఓఎన్‌టీ పెట్టె వెనుక ఫోను పిన్ను పట్టే రంధ్రం ఒకటి ఉంటుంది. ఇంటి లోపలి పాత వైరింగును ఆ రంధ్రానికి కలిపితే ఫోన్లు ఎక్కడివి అక్కడే పనిచేస్తాయి. అయితే కలిపే ముందు, బయటి స్తంభం నుంచి వచ్చే రాగి లైనును ఇంటి వైరింగు నుంచి పూర్తిగా విడదీయాలి. ఆ లైనులో ఎక్స్ఛేంజి విద్యుత్తు ఇంకా ఉంటే, రెండు వైపుల నుంచి వచ్చే విద్యుత్తు కలిసి కొత్త పెట్టె పాడవవచ్చు. ఈ పనిని లైన్‌మన్ చేతనే చేయించండి. మూడు ఫోన్లకూ గంట మోగించే శక్తి కొన్ని పెట్టెలకు ఉండదు. గంట నీరసంగా మోగినట్లయితే ఒక ఫోనును తీసివేసి చూడండి.

నల్ల ఫోను విషయం వేరు. డయల్ తిప్పినప్పుడు అది లైనును తెంపి కలుపుతూ, ఆ తెంపుల లెక్కతో అంకెను తెలియజేస్తుంది. బటన్ల ఫోను ప్రతి అంకెకూ ఒక స్వరం పంపుతుంది. కొత్త పెట్టెల్లో చాలావరకు స్వరాన్నే గుర్తిస్తాయి, తెంపులను గుర్తించవు. కాబట్టి వచ్చిన ఫోన్లు అందులో ఎత్తి మాట్లాడవచ్చు గాని, దాని నుంచి చేయడం కుదరకపోవచ్చు. ఆ గంట శబ్దం ఇష్టమైనవారు దానిని హాలులో ఉంచుకోవడానికి అడ్డేమీ లేదు.

ప్రశ్న: మా అబ్బాయి దుబాయిలో పనిచేస్తున్నాడు. ఇంటర్నెట్ ఒక్కటి పెట్టించుకుంటే చాలు, ఆప్‌లలో మాట్లాడుకోవచ్చు, ఫోను నంబరు ఎందుకు అంటున్నాడు. నిజమేనా?
— రైతు, కవిటి

జవాబు: వీడియోలో మనవలను చూసుకోవడానికి ఆప్ చాలు. అయితే మీ అబ్బాయి ఉన్న దేశం సంగతే ముందు చూడండి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో వాట్సాప్ ద్వారా సందేశాలు వెళతాయి గాని, మాటల, వీడియో కాల్స్‌కు ఆంక్షలు ఉన్నాయి. అక్కడి ప్రభుత్వం అనుమతించిన ఆప్‌లలోనే మాట్లాడుకోవాలి. ఏ ఆప్ వాడాలో అబ్బాయినే అడిగి మీ ఫోనులో వేయించుకోండి.

ఆప్‌కూ, ఫైబర్‌తో వచ్చే ల్యాండ్‌లైనుకూ తేడా ఉంది. రెండూ మాటను చిన్న చిన్న పొట్లాలుగా విడగొట్టి పంపేవే. కానీ ఫైబర్ ల్యాండ్‌లైన్ మాటను కంపెనీ తన సొంత వ్యవస్థలో, ప్రాధాన్యం ఇచ్చి నడుపుతుంది. ఇంట్లో పిల్లలు సినిమా చూస్తున్నా మాట తెగకపోవడానికి కారణం అదే. ఫైబర్ ల్యాండ్‌లైనుకు నంబరు ఉంటుంది, ఎవరైనా ఏ ఫోను నుంచైనా చేయవచ్చు, మీ చిరునామా కంపెనీ రికార్డులో ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, దాని నుంచి 112కు, 108కి ఫోను చేయవచ్చు. వాట్సాప్ నుంచి 108ని పిలవలేరు. రాత్రివేళ గుండె నొప్పి వచ్చిన మనిషి పక్కన ఉన్నవారికి స్మార్ట్ ఫోను తాళం తీసి ఆప్ వెతకడం కంటే, గోడ పక్కన ఉన్న ఫోనులో మూడు అంకెలు నొక్కడం తేలిక. చాలా ఫైబర్ ప్లానుల్లో ఫోను కూడా కలిసే వస్తుంది కాబట్టి, వద్దనడానికి కారణం మాకు కనబడటం లేదు. ఏవో విదేశీ నంబర్లు తక్కువకు ఇస్తామనే ఆప్‌ల జోలికి మాత్రం పోకండి. ఇక్కడి లైసెన్సు లేని సంస్థల సేవలు అవసరానికి ఆదుకోవు.

ప్రశ్న: పెట్టె మీద ఎర్ర దీపం వెలిగి ఫోను ఆగిపోతోంది. ఏమి చేయాలి?
— పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: ‘లాస్’ (LOS) అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే పెట్టెకు వెలుతురు అందడం లేదని అర్థం. ఇంటి లోపల తీగ తలుపు సందులో నలిగిందేమో, బాగా మడత పడిందేమో చూడండి. మడత పడితే గాజుతీగలో వెలుతురు బయటికి పోతుంది. ఎలుకలు కొరకడమూ మామూలే. ఊడిన తీగ కొసలోకి కంటితో చూడవద్దు. తీగ బాగుండి దీపం ఆరకపోతే లోపం బయట ఉన్నట్టే, ఫిర్యాదు చేయండి. ఇంటర్నెట్ వస్తూ ఫోను ఒక్కటే పలకకపోతే అది గాజుతీగ తప్పు కాదు, కంపెనీ వ్యవస్థలో మీ ఫోను నమోదులో లోపం కావచ్చు. ఆ మాట ఫిర్యాదులో స్పష్టంగా చెబితే లైన్‌మన్ అనవసరంగా స్తంభం ఎక్కడు.

ప్రశ్న: పాత లైను తీయించేటప్పుడు ఎప్పుడో కట్టిన డిపాజిట్ సొమ్ము వస్తుందా? రెండు గంటల్లో మీ లైను కట్ చేస్తాం, తొమ్మిది నొక్కండి అని ఫోన్లు వస్తున్నాయి, అవి దీని గురించేనా?
— పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: డిపాజిట్ తిరిగి ఇవ్వవలసిన సొమ్మే. బకాయిలు మినహాయించుకుని మిగిలినది ఇవ్వమని గాని, కొత్త కనెక్షను ఖాతాలో జమ చేయమని గాని రాతపూర్వకంగా అడగండి. పాత రసీదు దొరికితే జత చేయండి, దొరకకపోతే చివరి బిల్లు నకలు ఇవ్వండి. కంపెనీ ఇచ్చిన ఫోను పరికరం అప్పగించినట్లు, లైను మూసివేసినట్లు కాగితం తీసుకోండి, లేకపోతే అద్దె బిల్లులు వస్తూనే ఉండవచ్చు. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ దానికి ఇచ్చే డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, రాసుకోండి. పరిష్కారం కాకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అధికారికి వెళ్లడానికి ఆ నంబరే ఆధారం.

తొమ్మిది నొక్కమనే ఫోన్లకూ మీ లైనుకూ సంబంధం లేదు, అవి మోసగాళ్లవి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ గాని, టెలికాం శాఖ గాని ఎవరి లైనూ కట్ చేస్తామని ఫోను చేయవు. ఏమీ నొక్కకుండా పెట్టేయండి. ఒకవేళ డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.