ఒక్క పాయింటు ఓటమి: 2023 రగ్బీ ఫైనల్లో ఆల్ బ్లాక్స్ ఎక్కడ ఓడారు?

ప్రశ్న: "2023 రగ్బీ ప్రపంచకప్ ఫైనల్లో న్యూజిలాండ్ 11-12తో దక్షిణాఫ్రికా చేతిలో ఓడింది. మా ఆఫీసులో ఒకరు రిఫరీ వల్లే అంటారు, ఒకరు రెడ్ కార్డు వల్ల అంటారు, ఇంకొకరు ఆఖరి పెనాల్టీ పోయింది కాబట్టి అంటారు. ఆక్లాండ్ వచ్చాకే రగ్బీ చూడటం మొదలుపెట్టాను. ఓడిన మ్యాచ్‌ని అసలు ఎలా బేరీజు వేయాలి?"

జవాబు:

ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉందండి. కాకపోతే ముగ్గురూ బాగా గుర్తుండిపోయిన ఒక్కో ఘట్టాన్ని పట్టుకుని మాట్లాడుతున్నారు. ఆఖరి బంతికి సిక్స్ కొట్టలేకపోయిన బ్యాటర్‌ని తిట్టుకుంటూ పవర్‌ప్లేలో పారేసుకున్న మూడు వికెట్లను మరిచిపోతాం చూడండి, ఇదీ అంతే. రగ్బీలో ఓటమిని చూడాలంటే ముందు పాయింట్లు ఏ నిమిషంలో ఎలా వచ్చాయో కాగితం మీద రాసుకోవాలి. ఈ ఫైనల్‌కి ఆ పట్టిక చాలా చిన్నది.

దక్షిణాఫ్రికా 12 పాయింట్లూ హాండ్రే పొలార్డ్ కొట్టిన నాలుగు పెనాల్టీలే: 3, 13, 19, 34 నిమిషాల్లో. న్యూజిలాండ్‌కి రిచీ మొవుంగా 17, 38 నిమిషాల్లో రెండు పెనాల్టీలు కొట్టాడు, 58వ నిమిషంలో బోడెన్ బారెట్ ట్రై చేశాడు. పెనాల్టీ అంటే ప్రత్యర్థి తప్పుకి దక్కే కిక్, పోస్టుల మధ్య నుంచి పోతే 3 పాయింట్లు. ట్రై అంటే ప్రత్యర్థి గోల్ గీత దాటి బంతిని నేలకి ఆనించడం, 5 పాయింట్లు. అంతే. ఈ పట్టికని ఒకసారి పైనుంచి కిందికి చదవండి. 34వ నిమిషం తర్వాత దక్షిణాఫ్రికా ఒక్క పాయింటు కూడా చేయలేదు. అంటే ఆఖరి 46 నిమిషాలు న్యూజిలాండే 8-0తో గెలిచింది, అదీ 14 మందితో. మ్యాచ్ చేజారింది మొదటి 34 నిమిషాల్లో. ఆఫీసు వాదనల్లో రెడ్ కార్డు తప్ప మిగతావి 50 దాటాక జరిగినవాటి చుట్టూనే తిరుగుతున్నాయి.

ఇప్పుడు ఆ 34 నిమిషాల్లోకి వెళ్దాం. మూడో నిమిషంలోపే షానన్ ఫ్రిజెల్‌కి ఎల్లో కార్డు. రక్‌లో (నేల మీది బంతి కోసం రెండు జట్ల పెనుగులాట) ప్రత్యర్థిని పక్కకి నెట్టేటప్పుడు దక్షిణాఫ్రికా హుకర్ (లైనౌట్‌లో బంతి విసిరేవాడు) బొంగి ఎంబొనాంబి కాలి మీద పడ్డాడు. ఆ పెనాల్టీకి మూడు పాయింట్లు, పైగా పది నిమిషాలు 14 మందితో ఆట. 28వ నిమిషం ప్రాంతంలో న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్ నిటారుగా నిలబడి దక్షిణాఫ్రికా ఆటగాడు జెస్సీ క్రీల్‌ని ట్యాకిల్ చేశాడు, భుజం తలకి తగిలింది. ముందు ఎల్లో ఇచ్చారు, బంకర్ సమీక్షలో (మైదానం బయట వీడియో చూసే అధికారి పరిశీలన) అది రెడ్ అయింది. పురుషుల ప్రపంచకప్ ఫైనల్లో రెడ్ కార్డు చూసిన మొదటి ఆటగాడు కేనే. ఫ్రిజెల్ పది నిమిషాలు, కేన్ దాదాపు 52 నిమిషాలు కలిపితే, 80 నిమిషాల్లో సుమారు 62 నిమిషాలు ఆ జట్టు ఒక మనిషి తక్కువతో ఆడింది. అవతల దక్షిణాఫ్రికాలో కెప్టెన్ కొలీసీకి పది, కోల్బీకి ఆఖర్లో ఏడు, కలిపి 17.

"దురదృష్టం" అని తేల్చేసేవాళ్లకి ఇక్కడే నా అభ్యంతరం. ఒక్క మ్యాచ్‌లో కార్డు పడితే దురదృష్టం అనొచ్చు. ఈ జట్టు కార్డుల లెక్క ఆగస్టు నుంచి చూడండి. లండన్‌లోని ట్వికెన్‌హమ్‌లో ఇదే దక్షిణాఫ్రికాతో సన్నాహక మ్యాచ్‌లో స్కాట్ బారెట్ రెండు ఎల్లోలతో బయటికి వెళ్లాడు, 7-35తో ఓడారు. ప్రపంచకప్ తొలి మ్యాచ్‌లో ఫ్రాన్స్ మీద విల్ జోర్డన్‌కి ఎల్లో, 13-27తో ఓటమి. నమీబియా మీద 71-3తో గెలిచిన మ్యాచ్‌లో కూడా ఈథన్ డి గ్రూట్ ఎల్లో, బంకర్‌లో రెడ్‌గా మారింది. క్వార్టర్ ఫైనల్లో ఐర్లాండ్ మీద ఆరన్ స్మిత్, కోడీ టేలర్ ఇద్దరికీ ఎల్లోలు. సెమీస్‌లో అర్జెంటీనా మీద స్కాట్ బారెట్‌కి మళ్లీ ఎల్లో. ఐర్లాండ్ మీద రెండు కార్డులు పడ్డా 28-24తో గట్టెక్కారు, అర్జెంటీనా మీద 44-6తో గెలిచారు. గెలిచినప్పుడు ఈ సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఫైనల్లో కట్టిన బిల్లు అప్పటి నుంచి పెరుగుతూ వచ్చిందే.

కేన్‌కి రెడ్, కొలీసీకి ఎల్లోయేనా అని అడిగేవాళ్లకి జవాబు నియమాల్లోనే ఉంది. తలకి తగిలిన ప్రతి ట్యాకిల్‌కీ అధికారులు ఒకే వరసలో నాలుగు ప్రశ్నలు వేసుకుంటారు: తలకి తగిలిందా? తప్పు ట్యాక్లర్‌దేనా? ప్రమాదం ఎంత? తగ్గించి చూడటానికి కారణం ఏమైనా ఉందా? రెండు క్లిప్పులూ ధ్వని ఆపేసి వెంటవెంటనే చూడండి. కేన్ నడుము వంచనే లేదు, వేగంగా వచ్చి భుజంతో గుద్దాడు, తగ్గించడానికి ఏ కారణమూ కనబడదు. రెండో సగం మొదట్లో అర్డీ సవేయా మీద కొలీసీ చేసిన ట్యాకిల్‌లో తలలు తగిలాయి, కానీ దెబ్బ తీవ్రత తక్కువ. గీత సన్నదే, ఒప్పుకుంటాను. అయినా బంకర్ చూసిన తేడా అదే. ట్యాక్లర్ చేతిలో ఉన్నది ఒక్కటే, నడుము దగ్గర వంగి కిందికి దిగడం. దిగాక ఎదుటివాడు కూడా కిందికి జారితే కనికరిస్తారు, అసలు దిగకపోతే కనికరించరు.

రిఫరీ సంగతి. 54వ నిమిషంలో ఆరన్ స్మిత్ ట్రై రద్దయింది. అంతకుముందు లైనౌట్‌లో (అంచు గీత బయటికి పోయిన బంతిని లోపలికి విసిరి ఆట మళ్లీ మొదలుపెట్టడం) సవేయా చేతి నుంచి బంతి ముందుకి జారింది. అది నాక్ ఆనే, అందులో అనుమానం లేదు. అభిమానుల అభ్యంతరం వేరు: టీఎమ్ఓ (టీవీలో చూసే మ్యాచ్ అధికారి) అలాంటి నాక్ ఆన్ కోసం రెండు ఫేజ్‌ల (ఒక ట్యాకిల్ నుంచి మరో ట్యాకిల్ దాకా జరిగే ఆట ఒక ఫేజ్) వెనక్కి మాత్రమే వెళ్లాలి, ఇక్కడ అంతకంటే వెనక్కి వెళ్లారు. ఈ వాదనలో బలముంది. కానీ నాలుగే నిమిషాల్లో మార్క్ టెలేయా ఎడమ అంచున దూసుకెళ్లి ఇచ్చిన బంతితో బారెట్ ట్రై చేశాడు. ఆ ఒక్క నిర్ణయమే మ్యాచ్‌ని మింగేసిందనడం అతిగా ఉంటుంది.

కిక్కుల విషయం కాస్త వివరంగా చూడాలి, క్రికెట్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పెనాల్టీకి 3, ట్రైకి 5, ట్రై తర్వాత కన్వర్షన్‌కి 2. కన్వర్షన్ కిక్‌ని ట్రై పెట్టిన చోటుకి నేరుగా వెనక్కి వెళ్లి ఏ దూరం నుంచైనా కొట్టొచ్చు, పక్కకి మాత్రం జరగకూడదు. మైదానం వెడల్పు 70 మీటర్లు, పోస్టుల మధ్య దూరం 5.6 మీటర్లు. టచ్ లైన్‌కి (మైదానం పక్క అంచు గీత) ఐదు మీటర్ల దగ్గర ట్రై పెడితే, పోస్టుల మధ్య బిందువుకి అడ్డంగా 30 మీటర్లు. కిక్కర్ 30 మీటర్లు వెనక్కి వెళ్తే బంతి ప్రయాణించాల్సిన దూరం 42 మీటర్ల పైమాటే, పైగా ఆ కోణం నుంచి 5.6 మీటర్ల సందు నాలుగు మీటర్లలా కనబడుతుంది. ఇంకా వెనక్కి వెళ్తే కోణం మెరుగవుతుంది, దూరం పెరుగుతుంది. బారెట్ ట్రై ఎడమ మూలలో పడింది, వాన పడుతోంది, బంతి తడిసింది. మొవుంగా మిస్ అయ్యాడు. దాన్ని తప్పు కింద రాసుకోను. 73వ నిమిషంలో కోల్బీ కావాలని బంతిని చేత్తో కొట్టినందుకు వచ్చిన పెనాల్టీ జోర్డీ బారెట్‌ది. సగం గీత దగ్గర నుంచి, తడి రాత్రి, అతని శక్తికి అంచున ఉన్న దూరం. అక్కడ బంతిని టచ్ లైన్ బయటికి కొట్టి లైనౌట్ తీసుకోవాల్సిందని కొందరంటారు. ఏడు నిమిషాలుండగా, ఒక్క పాయింటు వెనకబడి, అవతల కూడా 14 మందే ఉన్నప్పుడు అది కూడా మంచి దారే. అయినా పోస్టులకి కొట్టడం తప్పుడు నిర్ణయమని నేను అనను. మరో సంగతి, రెండో సగం మొత్తంలో న్యూజిలాండ్ ఒక్క పెనాల్టీని కూడా పాయింట్లుగా మార్చుకోలేదు. మళ్లీ చూసేటప్పుడు వాళ్లకి వచ్చిన ప్రతి పెనాల్టీ దగ్గరా ఆపి, అది కొట్టగల దూరమా, కొట్టకుండా ఏం చేశారు, దాని నుంచి ఏం వచ్చింది అని రాసుకోండి. తేడా ఒక్క పాయింటే కాబట్టి అలా వదిలేసిన మూడు పాయింట్లు ఒక్కటి ఉన్నా చాలు.

ఇక్కడే అవతలి జట్టుని కూడా చూడాలి, ఓటమిని సరిగ్గా చదవడం ఎలాగో వాళ్ల దగ్గర దొరుకుతుంది. గ్రూప్ దశలో ఐర్లాండ్ చేతిలో దక్షిణాఫ్రికా 8-13తో ఓడింది. ఆ రోజు మేనీ లిబొక్, ఫాఫ్ డి క్లర్క్ కిక్కుల్లో కలిపి 11 పాయింట్లు పోగొట్టారు. ఐదు పాయింట్ల ఓటమిలో 11 పాయింట్లు! అప్పటికే హుకర్ మాల్కమ్ మార్క్స్ గాయపడితే, అతని స్థానంలో మరో హుకర్‌ని కాకుండా కిక్కర్ పొలార్డ్‌ని పిలిపించి ఉన్నారు. సెమీస్‌లో ఇంగ్లండ్ మీద 31వ నిమిషంలోనే లిబొక్‌ని తీసేసి పొలార్డ్‌ని దించారు, అతని ఆఖరి పెనాల్టీతోనే 16-15తో గెలిచారు. ఫైనల్లో నాలుగుకి నాలుగు. ఈ ఎంపికకి మూల్యం కూడా చెల్లించారు: ఎంబొనాంబి మూడో నిమిషంలోనే బయటికి వెళ్లాక, ఎక్కువగా ఫ్లాంకర్‌గా ఆడే డియాన్ ఫురీ మిగతా మ్యాచ్ అంతా హుకర్‌గా లైనౌట్ బంతులు విసరాల్సి వచ్చింది. ఆ లోటు ఉందని తెలిసీ కిక్కింగ్ సమస్యని ముందు తీర్చుకున్నారు. క్వార్టర్స్‌లో ఫ్రాన్స్ మీద 29-28, తర్వాత 16-15, ఫైనల్లో 12-11, మూడూ ఒక్క పాయింటు గెలుపులే. అది అదృష్టమని కొట్టేసేవాళ్లు ఆ కిక్కర్ ఎంపికని చూడట్లేదు.

ఇక మీరు ఏ మ్యాచ్‌కైనా వాడుకోగల పద్ధతి. మళ్లీ చూసేటప్పుడు మీ జట్టు ఇచ్చిన ప్రతి పెనాల్టీకీ నాలుగు ముక్కలు రాయండి: నిమిషం, మైదానంలో ఎక్కడ, ఏ తప్పు, దాని ఫలితం. మ్యాచ్ అయ్యేసరికి ఒక తీరు బయటపడుతుంది. ఆఫ్‌సైడ్‌లు ఎక్కువుంటే డిఫెన్స్ లైన్ ఆత్రంగా ముందుకి ఉరుకుతోందన్నమాట, సాధారణంగా వెనకబడ్డామన్న కంగారులో వస్తాయి. ట్యాకిల్ చేసినవాడు పక్కకి దొర్లలేదని ఇస్తుంటే, అతన్ని ప్రత్యర్థి కింద ఇరికించేస్తున్నారు, అంటే కొట్లాటలో అవతలివాళ్లదే పైచేయి. బంతి పట్టుకుని పడినవాడు వదల్లేదని ఇస్తుంటే తప్పు అతనిది కాదు, అతని వెనక రావాల్సిన ఇద్దరు ఆలస్యంగా వస్తున్నారు. రీప్లేలో బంతి పట్టినవాడిని వదిలేసి ఆ ఇద్దరినే చూడండి. స్క్రమ్‌లో (రెండు జట్లవాళ్లు ఎదురెదురుగా పెనవేసుకుని తోసుకోవడం) పెనాల్టీలైతే ప్రాప్ (ముందు వరసలో అంచున ఉండేవాడు) పట్టు జారుతోందా, స్క్రమ్ కూలుతోందా చూడాలి, అలవాటైతే తప్ప అది టీవీలో తెలియదు. ఎత్తు ట్యాకిల్స్ అయితే కేన్ విషయంలో చెప్పుకున్నదే.

దాని పక్కనే మరో లెక్క: ప్రత్యర్థి 22 మీటర్ల గీత ఎన్నిసార్లు దాటారు, ఎన్ని పాయింట్లు తెచ్చారు. దాటినసారికి సగటున రెండు పాయింట్ల లోపే వస్తుంటే దాడిలో ఏదో అడ్డుపడుతోంది, నా కొలత ఇది. బంతి ఎవరి దగ్గర ఎక్కువసేపుందో చెప్పే శాతాన్ని మాత్రం పెద్దగా నమ్మకండి. ఈ దక్షిణాఫ్రికా లాంటి జట్టు బంతి లేకుండానే గెలుస్తుంది. ఫైనల్లో మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ పీటర్ స్టెఫ్ డు టోయ్ 28 ట్యాకిల్స్ చేశాడు, బెంచీ మీద ఏడుగురు ఫార్వర్డ్‌లు (స్క్రమ్‌లో తోసేవాళ్లు), ఒక్కడే బ్యాక్ (వెనక వరసలో ఆడేవాడు). అలాంటి జట్టు మీద బంతి ఎక్కువసేపు పట్టుకుని తిరగడం గొప్ప కాదు, దాన్ని పాయింట్లు చేయగలగాలి.

ఒక నియమం తర్వాత మారిందని కూడా తెలుసుకోండి. 2024 రగ్బీ చాంపియన్‌షిప్‌లో, 2025 సిక్స్ నేషన్స్‌లో 20 నిమిషాల రెడ్ కార్డు వాడారు. ఆటగాడు తిరిగి రాడు, కానీ 20 నిమిషాల తర్వాత అతని బదులు మరొకరు దిగొచ్చు. కావాలని చేసిన ప్రమాదకరమైన తప్పుకి మాత్రం పూర్తి రెడ్డే. ఈ నియమం 2023లో ఉంటే రెండో సగం తొలి పావుగంటలోపే న్యూజిలాండ్ మళ్లీ 15 మందితో ఆడేది. కాబట్టి పాత మ్యాచ్‌ని ఇప్పటి నియమాలతో తూచకండి, ఇప్పటి ఓటముల్లో ఆ రోజంత భారం రెడ్ కార్డు మీద వేయకండి.

మీ ఆఫీసువాళ్లతో కూర్చుని చూసే వీలుంటే ట్వికెన్‌హమ్ మ్యాచ్, ఫ్రాన్స్ మీద తొలి మ్యాచ్, ఆ తర్వాత ఫైనల్ మొదటి 34 నిమిషాలు, ఈ వరసలో పెట్టండి. స్మిత్ రద్దయిన ట్రై గురించి వాదన మళ్లీ ఎలాగూ వస్తుంది, దాన్ని ఆఖరికి ఉంచండి.