ఉద్యోగం పోయింది, ఫారంలో మాత్రం పాత జీతమే కనిపిస్తోంది

ప్రశ్న: అమెరికాలో హెచ్-1బి మీద ఉన్నాం. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, 2026 ఫాల్‌లో కాలేజీలో చేరాలి. 2024లో నా జీతం బాగుండేది. 2025 వేసవిలో లేఆఫ్ అయింది. నెలన్నరకు బాగా తక్కువ జీతానికి వేరే చోట చేరాను. ఇండియాలో నా పేరున ఒక ఫ్లాట్, నాన్నగారి పేరున పొలం ఉన్నాయి. మేం ఫాఫ్సా (కాలేజీ చదువుకు ఫెడరల్ ప్రభుత్వ సాయం కోసం నింపే ఫారం) నింపవచ్చా? ఇవన్నీ చూపించాలా?

జవాబు: వీసా గురించి టెన్షన్ పడకండి. ఫాఫ్సాకి కావలసింది విద్యార్థి పౌరసత్వం, తల్లిదండ్రులది కాదు. మీ అబ్బాయి నింపవచ్చు, తప్పకుండా నింపాలి. గ్రాంటు (తిరిగి కట్టక్కర్లేని సాయం) ఏమీ రాకపోయినా, మొదటి ఏడాది అబ్బాయి పేరున 5,500 డాలర్ల వరకు ఫెడరల్ లోన్ తీసుకోవాలంటే ఈ ఫారం ఉండాల్సిందే. ఫారం నింపే వెబ్‌సైట్‌లో అబ్బాయికీ మీకూ వేర్వేరు అకౌంట్లు కావాలి. మీ భార్యాభర్తలిద్దరూ ఉమ్మడిగా ట్యాక్స్ ఫైల్ చేసి ఉంటే తల్లిదండ్రుల్లో ఒకరు సంతకం పెడితే చాలు. ఐఆర్ఎస్ (అమెరికా ట్యాక్స్ శాఖ) నుంచి మీ వివరాలు తీసుకోవడానికి ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే ఫెడరల్ సాయం రాదు.

నాన్నగారి పొలం ఆయనది. రేపు మీకు వస్తుందని ఈరోజు రాయక్కర్లేదు. ఫ్లాట్ మాత్రం రాయాలి. మీరు ఉంటున్న ఇల్లు, 401(కె) లాంటి రిటైర్మెంట్ ఖాతాలు ఫాఫ్సాలో లెక్కకు రావు కానీ, ఇండియాలోని ఫ్లాట్ పెట్టుబడి కిందికి వస్తుంది. ఫారం నింపే రోజు దాన్ని అమ్మితే ఎంత వస్తుందో చూసి, దాని మీద మిగిలిన లోన్ తీసేసి డాలర్లలో వేయండి. రిజిస్ట్రేషన్ విలువ వేసి ఊరుకోకండి. ఆ ధర ఎలా కట్టారో, ఏ రోజు మారకం రేటు తీసుకున్నారో ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి, కాలేజీ అడిగితే పనికొస్తుంది. చాలామంది భయపడి దాచేది ఇక్కడే. నిజానికి లక్ష డాలర్ల ఆస్తి చూపిస్తే మీరు భరించగలరని వాళ్లు వేసే అంకె, అంటే ఎస్ఏఐ, మహా అయితే 5,640 డాలర్లు పెరుగుతుంది. దాని కోసం అబద్ధం రాసి అబ్బాయి సాయం మొత్తానికీ ఎసరు పెట్టకండి.

ఇక అసలు సంగతి. 2026-27 ఫాఫ్సా 2024 ట్యాక్స్ లెక్కల మీదే నడుస్తుంది. ఇప్పటి జీతం వేద్దామన్నా అందులో చోటు లేదు. పాత అంకెలతోనే పంపించి, ఆ తర్వాత ప్రతి కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకూ విడిగా రాయాలి. మారిన పరిస్థితిని బట్టి లెక్క సవరించే అధికారం వాళ్లకుంది. దాన్ని ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్ అంటారు. కాలేజీ మాటే ఆఖరు, దాని మీద ప్రభుత్వానికి అప్పీలు లేదు. కాబట్టి మొదటి ఉత్తరమే గట్టిగా ఉండాలి.

గట్టిగా అంటే పొడుగ్గా అని కాదు. ఒక్క పేజీ చాలు. ఏ తేదీన ఉద్యోగం పోయింది, ఎప్పుడు చేరారు, 2024లో ఎంత వచ్చింది, ఇప్పుడు ఏడాదికి ఎంత వస్తుంది. ప్రతి అంకె వెనకా ఒక కాగితం ఉండాలి: లేఆఫ్ లెటర్, పాత కంపెనీ చివరి పే స్టబ్ (జీతం చీటీ), కొత్త ఆఫర్ లెటర్, ఈ మధ్య వచ్చిన పే స్టబ్‌లు. సెవరెన్స్ (ఉద్యోగం తీసేసినప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు) వచ్చి ఉంటే మీరే ముందు చెప్పండి. వాళ్లంతట వాళ్లు పే స్టబ్‌లో చూశారంటే మిగతా ఉత్తరం మీద కూడా నమ్మకం పోతుంది. బాధ ఒక వాక్యంలో చెప్పండి, లెక్క మాత్రం పూర్తిగా చెప్పండి.

కొన్ని ప్రైవేటు కాలేజీలు తమ సొంత సాయం లెక్కకు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే మరో ఫారం కూడా అడుగుతాయి. అది ఫాఫ్సా కంటే లోతుగా వెళ్తుంది, ఉంటున్న ఇంటి విలువ కూడా అడుగుతుంది. అయితే ప్రత్యేక పరిస్థితులు రాసుకునే చోటు అందులోనే ఉంది. అమ్మానాన్నల వైద్యానికి ఇంటికి డబ్బు పంపుతున్నట్టయితే బ్యాంకు రసీదులు దగ్గర పెట్టుకుని అక్కడ రాయండి. ఫాఫ్సాలో ఆ ఖర్చుకు చోటు లేదు.

ఉద్యోగం సంగతి అబ్బాయికి చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పకపోయి ఉంటే ఈ వారమే చెప్పండి. కాలేజీ అడిగే అదనపు కాగితాల కబురు ఎక్కువగా అతని ఈమెయిల్‌కీ పోర్టల్‌కీ వస్తుంది, మీకు కాదు.