గడువు లెక్క గురించి

చి. రమ్యకు, పెదనాన్న ఆశీస్సులు.

సీనియర్ దగ్గర్నుంచి బయటికొచ్చి తెనాలిలో సొంతంగా లాయరు ఆఫీసు పెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. గర్వంగానే ఉంది, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. బల్ల, బీరువా, గుమాస్తా సంగతి నువ్వే చూసుకోగలవు. నా భయమల్లా తారీఖులతోనే.

మీ ఈడు వాళ్లంతా ఫోన్లో వెతికి కావలసిన సెక్షన్‌కి దూకేస్తారు. దానికి ముందున్నదేదీ మీ కంటబడదు. చట్టం ఎక్కడ, ఎప్పట్నుంచి అమలో మొదటి సెక్షన్‌లో ఉంటుంది. ఆ వెనకే నిర్వచనాలు. ‘సందర్భం వేరుగా ఉంటే తప్ప’ అనే ముక్క మింగేసి నిర్వచనం చదివావో, అవతలి లాయరు నీచేతే మళ్లీ చదివిస్తాడు. మాటకి అర్థం అక్కడా దొరకకపోతే, చట్టాలన్నిటిలో వాడే మాటల అర్థాలూ గడువు లెక్కలూ చెప్పే 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్టు చూడు. పలచటి పుస్తకమని చులకన చెయ్యకు, రాజ్యాంగాన్ని అన్వయించడానికీ అదే వర్తిస్తుందని 367వ అధికరణం చెబుతోంది. రాష్ట్ర చట్టాలకైతే మనకి 1891 నాటిది వేరే ఉంది, తెలంగాణకి 1308 ఫసలీ (నిజాం కాలపు సంవత్సర లెక్క) నాటిది.

చెక్కు కేసులు నీకెలాగూ వస్తాయి కాబట్టి ఇది విను. తొంభైల్లో మా బార్‌లో నా పక్క కుర్చీ ఆయన దగ్గరికి ఒక మిర్చి రైతు వచ్చాడు. చెక్కు బౌన్సయింది. నోటీసు సకాలంలోనే వెళ్లింది. డబ్బు కట్టడానికిచ్చిన పదిహేను రోజులు ఫిబ్రవరి 14తో అయిపోయాయి, 15న కాజ్ ఆఫ్ యాక్షన్, అంటే కేసు వెయ్యడానికి కారణం, పుట్టింది. ఈయన ముప్ఫై రోజులు వేళ్ల మీద లెక్కేసి మార్చి 17న కంప్లయింటు వేశాడు. చెక్కు కేసుల చట్టం, అదే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్టు, 138వ సెక్షన్‌లో డబ్బు కట్టడానికి ఉన్నది రోజులు, 142లో కంప్లయింటుకి ఉన్నది నెల! నెలంటే క్యాలెండర్ నెలని జనరల్ క్లాజెస్ 3వ సెక్షన్‌లోనే ఉంది. మార్చి 15తోనే గడువు చెల్లిపోయింది. ఆలస్యాన్ని మన్నించే వీలు 2002 సవరణతో గానీ రాలేదు. “ఫిబ్రవరికి రోజులు తక్కువైతే నా తప్పా బాబూ?” అన్నాడు రైతు. ఫీజు వెనక్కిస్తానంటే పుచ్చుకోలేదు.

మొదటి రోజు కూడా కలిపి లెక్కేసేవాళ్లు ఇంకొందరు. అది జనరల్ క్లాజెస్ 9వ సెక్షన్ చదవకపోవడం. సాకేత్ ఇండియా అనే చెక్కు కేసులో కారణం అక్టోబర్ 15న పుడితే నవంబర్ 15న కంప్లయింటు వేశారు. 15ని వదిలేసి లెక్కపెట్టాలి, గడువులోపే ఉందని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్క రోజు కోసం ఢిల్లీ దాకా! అలాంటి గెలుపు నీకొద్దు తల్లీ. ప్రతి గడువునీ డైరీలో రెండు రోజులు ముందుగానే రాసుకో. గుమాస్తా వేసిన లెక్క నువ్వు మళ్లీ వెయ్యి. మధ్యాహ్నం భోజనం మానకు, నీరసంలోనే అంకెలు తప్పుతాయి.

మొదటి ఫైలు రాగానే తారీఖులు ఫోన్లో చదివి వినిపించు. నేను పడుకున్నా మీ పెద్దమ్మకి చెప్పు, ఇన్నేళ్లు నాతో కాపురం చేసి ఆవిడకీ 9వ సెక్షన్ వచ్చేసింది.