వివేలాను ‘స్పానిష్ వీణ’ అనవచ్చునా?

సందేహం: పదహారవ శతాబ్దపు స్పెయిన్ వాద్యమైన ‘విహుఎలా’ను గురించి ఒక సంగీత సంచికకు వ్యాసం రాస్తున్నాను. దానిని ‘ఆరు తీగల స్పానిష్ వీణ’ అనీ, దాని భాగాలను కుండ, మెట్లు, గుర్రం, బిరడలు అనీ రాశాను. వీణ పరిభాషను పరదేశపు వాద్యానికి అంటగట్టడం దోషమని మిత్రుడొకరు అంటున్నారు. ఏది సాధువు?

సమాధానం: మీ మిత్రుని అభ్యంతరం పేరు విషయంలో నిలుస్తుంది గాని, భాగాల విషయంలో పూర్తిగా నిలవదు.

‘వీణ’ మొదట ఏదో ఒక్క వాద్యానికే చెందిన పేరు కాదు. నాట్యశాస్త్రం చెప్పిన ఏడు తంత్రుల చిత్ర, తొమ్మిది తంత్రుల విపంచి రెండూ వీణలే; మొదటిదానిని వేళ్ళతోను, రెండవదానిని కోణంతోను (చేతిలో పట్టి మీటే పుల్లతోను) వాయించేవారు. స్పెయిన్‌లోనూ ఇదే తీరు; మీరు ‘విహుఎలా’ అని రాసిన పేరునే నేను ‘వివేలా’ అంటున్నాను. వేళ్ళతో మీటేది ‘వివేలా దె మానొ’, ఈకతో మీటేది ‘వివేలా దె పెన్యొలా’, కమానుతో వాయించేది ‘వివేలా దె ఆర్కొ’. అందువల్ల ‘వీణ’ అన్న మాట శాస్త్రదృష్టితో తప్పు కాకపోయినా, నేటి తెలుగు పాఠకునికి వీణ అనగానే పనసకర్రలో తొలిచిన కుండ, యాళిముఖం (సింహాన్ని పోలిన కల్పిత మృగపు తల) మనసులో మెదులుతాయి గనుక, నడుము కాస్త నొక్కినట్లుండి గిటారును తలపించే ఈ వాద్యానికి ఆ పేరు పెడితే వ్యాసం మొదట్లోనే దారి తప్పుతుంది. స్పానిష్ పేరునే ఉంచండి. అయితే అందులోని హకారాన్ని ఆ భాషవారు పలకరు. మొదటి అక్షరం వారి నోట బకారంలా వినిపించినా, వాలెన్సియాను మనం వకారంతోనే రాస్తున్నాము గనుక ‘వివేలా’ అంటే చాలునని నా అభిప్రాయం.

ఇక ‘ఆరు తీగల’ అన్న విశేషణంలో రెండు చిక్కులున్నాయి. వివేలాకు ఉన్నవి ఆరు వరుసలు. వాటిలో చాలా వరకు జంట తంత్రులే. పైగా అవి గొర్రె పేగులతో పేనినవి. ‘తీగ’ అంటే నేడు లోహపు తీగే స్ఫురిస్తుంది గనుక ‘ఆరు వరుసల తంత్రులు’ అనండి. వాటి శ్రుతిని మాత్రం మన స్వరాలతో చక్కగా చెప్పవచ్చు: పక్కపక్క వరుసల నడుమ షడ్జ మధ్యమాల అంతరం, సరిగ్గా నడిమి రెండింటి మధ్య షడ్జానికీ అంతర గాంధారానికీ ఉన్న అంతరం.

భాగాలలో ‘బిరడలు’ నిస్సందేహంగా సాధువు. తంత్రులను బిగించి శ్రుతి చేయడమనే పని రెండింటిలోనూ ఒక్కటే. ‘మెట్లు’ కూడా సరైనదే, కాని దానితో వచ్చే క్రియను చూసుకోవాలి. వీణ మెట్లు కంచువో ఇత్తడివో. మైనంలో నిలిపి ఉంటాయి. వివేలా మెట్లు దండి (వాద్యపు మెడ) చుట్టూ ముడివేసిన పేగు తంత్రులు. కొంచెం జరుపుకోవచ్చు కూడా. కాబట్టి ‘మెట్లు కట్టారు’ అనాలి. ‘కుండ’ను మాత్రం కొట్టివేయండి. బొబ్బిలి ఏకాండి వీణను ఒకే దుంగలో తొలుస్తారు. వివేలాకు పలుచని పై పలకను, వెనుక పలకను పక్క పట్టీలతో జిగురుపెట్టి అతికిస్తారు. కొన్నిటికి వెనుక పలక కాస్త ఉబ్బి ఉన్నా దానిని కుండ అనలేము. ‘పెట్టె’ అంటే సరిపోతుంది. పై పలక నడుమ చెక్కిన గుండ్రని అల్లికను ‘జాలీ’ అనవచ్చు. పారిస్‌లోని జాక్మార్-ఆంద్రె మ్యూజియంలో ఉన్న వాద్యానికి అలాంటివి ఐదున్నాయి.

‘గుర్రం’ దగ్గర వివరణ తప్పదు. వీణలో తంత్రులు గుర్రం మీదుగా సాగి అవతల నాగపాశానికి (తంత్రుల కొసలను పట్టి ఉంచే భాగానికి) ముడిపడతాయి. వివేలాలో పై పలకకు అతికించిన ఒక్క కొయ్య ముక్కే ఆ రెండు పనులూ చేస్తుంది. మొదటిసారి వచ్చినచోట ‘తంత్రులు ముడివేసే గుర్రం’ అని రాసి, ఆ తరువాత ‘గుర్రం’ అని వదిలేయండి.

గిటారును ప్రస్తావించేటప్పుడు ‘ఆనాటి’ అన్న మాట చేర్చడం మరవకండి. 1555లో స్పానిష్ సంగీత శాస్త్రకారుడు హువాన్ బెర్ముదొ తన గ్రంథంలో, వివేలాను గిటారుగా మార్చుకోవాలంటే మొదటి, ఆరవ వరుసలను తీసివేస్తే చాలునని చెప్పాడు. అంటే ఆయన ఎరిగిన గిటారు నాలుగు వరుసలది.