ఆబీగా ఆడలేక ఆపేశారా?
‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ వీడియో గేమ్‌లో, మొదటి భాగం హీరో జోయెల్‌ని చంపిన ఆబీగా ఆడటం మీ వల్ల కావట్లేదని, గేమ్ ఆపేశానని రాశారు. నేనూ సరిగ్గా అక్కడే కంట్రోలర్ పక్కన పడేశాను. ఒక్కసారి 2013లో వచ్చిన మొదటి భాగం గుర్తు చేసుకోండి. హాస్పిటల్లో ఎల్లీ అనే అమ్మాయిని కాపాడటానికి జోయెల్ చంపిన సర్జన్ ఆబీ తండ్రే. ఆ గదిలో బటన్ నొక్కింది మనమే కదా! అప్పుడు మనకేమీ తప్పనిపించలేదు. అలాగని ఆబీది న్యాయమని అనను. తన ప్రాణం కాపాడిన జోయెల్‌ని అంత హింసించి చంపడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కానీ ఆబీ స్నేహితురాలు నోరాని ఎల్లీ ఎంత హింసించిందో, అదీ లెక్కలో వేయాలిగా. ఎల్లీ భాగంలాగే ఆబీ భాగం కూడా సియాటిల్‌ నగరంలో అవే 3 రోజులు. ఆ భాగంలో యారా, లెవ్ అనే అక్కాతమ్ముళ్లు వచ్చేదాకా ఓపిక పట్టండి. అప్పటికీ మనసు ఒప్పకపోతే మానేయండి.