మెడికెయిడ్ కార్డు వచ్చేదాకా ఆగకండి

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. మా ఆడపడుచు పిటిషన్ మీద గ్రీన్‌కార్డు వచ్చి పద్నాలుగు నెలలైంది. మా ఆయన గ్యాస్ స్టేషన్‌లో చేస్తారు, కోతలకు ముందు నెలకు 3,900 డాలర్లు. నాకు మూడో నెల, ఇన్సూరెన్స్ లేదు. ఐదేళ్లు నిండందే మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఇవ్వరట కదా. దాచుకున్న 6 వేల డాలర్లతో విజిటర్ ఇన్సూరెన్స్ కొనమంటారా?

జవాబు: వద్దమ్మా. విజిటర్ పాలసీల్లో కాన్పు ఖర్చు మామూలుగా ఉండదు. కట్టిన ప్రీమియం నీళ్లపాలే.

ఐదేళ్ల మాట మీవారికైతే నిజమే. గర్భిణులకు ఆ గడువు ఎత్తేసే వీలు 2009లో చట్టం రాష్ట్రాలకిచ్చింది, న్యూజెర్సీ ఎత్తేసింది.

ఆదాయం దగ్గరే చాలామంది పొరబడతారు. కడుపులో బిడ్డని కూడా కుటుంబంలో లెక్కేస్తారు. 2025 లెక్కల్లో ఇద్దరికి పరిమితి నెలకు సుమారు 3,610 డాలర్లు, అంటే మీరు 290 తేడాతో తప్పిపోయేవారు. ముగ్గురికి సుమారు 4,550. కవలలైతే నలుగురన్నమాట! బ్యాంకులో ఉన్న డబ్బు ఈ లెక్కలోకి రాదు.

మామూలు అప్లికేషన్ తేలడానికి 45 రోజుల దాకా పట్టొచ్చు. మూడో నెలలో అన్నాళ్లు కూర్చుంటే మొదటి రక్తపరీక్షలు, స్కానింగు వెనకబడతాయి. అందుకే ‘ప్రిజంప్టివ్ ఎలిజిబిలిటీ’ అని ఒకటుంది, అంటే అసలు నిర్ణయం వచ్చేలోపు అర్హులే అనుకుని ఇచ్చే తాత్కాలిక కవరేజీ. నోరు తిరగకపోతే కాగితం మీద రాసుకెళ్లండి. దగ్గర్లోని కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌కో, ఆసుపత్రి ప్రినేటల్ క్లినిక్‌కో ఫోన్ చేసి, అది ఇస్తారా అని ముందే కనుక్కోండి. మీరు చెప్పిన ఆదాయం, ఇంట్లో ఎంతమంది అన్నది చూసి ఆ రోజు నుంచే కవరేజీ ఇస్తారు.

మెలికలు కొన్నున్నాయి. ఇది చెకప్పులు, పరీక్షలు, మందుల వరకే, కాన్పుకు పనికిరాదు. మార్చి 10న ఇచ్చారనుకోండి, పూర్తి అప్లికేషన్ పెట్టకపోతే ఏప్రిల్ 30తో ఆగిపోతుంది. ఒక కడుపుకి ఒక్కసారే ఇస్తారు. కాబట్టి ఆ కుర్చీలోంచి లేవకముందే పూర్తి అప్లికేషన్ కూడా నింపేయండి. అప్పుడు నిర్ణయం వచ్చేదాకా సాగుతుంది. మంజూరైతే కాన్పు ఖర్చుతో పాటు తర్వాత ఏడాది పాటు మీకు, మొదటి పుట్టినరోజు దాకా బిడ్డకు కవరేజీ ఉంటుంది.

ఆ 6 వేలు కదపకండి. బిడ్డ పుట్టాక మీవారు ఫ్యామిలీ లీవ్ తీసుకుంటే రాష్ట్రం ఇచ్చేది జీతంలో 85 శాతమే, అదీ 12 వారాల వరకే. తగ్గిన ఆ 15 శాతం ఆ డబ్బులోంచి పూడ్చుకోవాలి.