వాంగ్ తాయ్ సిన్ గుడికి వెళ్ళేముందు ఇది చదువుకో

చిన్నీ,

వచ్చే వారం హాంకాంగ్ వెళ్తున్నావట, మీ అమ్మ చెప్పింది. డిస్నీల్యాండ్ నీ ఇష్టం గానీ వాంగ్ తాయ్ సిన్ గుడి మాత్రం వదలకు. మీ పెదనాన్న ఉద్యోగానికి అక్కడున్న రోజుల్లో నేనెన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. గుడి పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది, పైకి రాగానే గుడే. టికెట్ లేదు. పొద్దున్నే వెళ్ళు, తర్వాత టూర్ బస్సులు దిగుతాయి, ఆ అగరుబత్తి పొగలో ఆ జనంతో నీకు ఊపిరాడదు.

అసలు దేవుడు వాంగ్ తాయ్ సిన్, చైనాలో పుట్టిన తావో మతం వాళ్ళ సిద్ధుడు. గొర్రెలు కాసుకునే కుర్రాడు తపస్సు చేసి రాళ్ళని గొర్రెలుగా మార్చాడని కథ. లోపల విగ్రహం కోసం వెతక్కు, ఉన్నది పటమే. 1915లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి ఒక తండ్రీకొడుకులు తెచ్చారు, ఇక్కడ గుడి 1921లో వెలిసింది. అదే ఆవరణలో చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్‌కి ఒక మందిరం, గౌతముడికి ముందటి బుద్ధుడంటారే, ఆ దీపంకర బుద్ధుడికి ఒకటి. ఏది ఏ మతమని అక్కడి ముసలమ్మలెవరూ అడగరు, మనం శివాలయానికి వెళ్ళి పక్కనున్న ఆంజనేయుడికీ దండం పెట్టుకొచ్చినట్టే అన్నిచోట్లా మొక్కి సంచీలో కమలాపళ్ళు సర్దుకుని పోతారు.

ఇక అసలు సంగతి, జోస్యం చెప్పే పుల్లలు. వెదురు గొట్టంలో 1 నుంచి 100 దాకా అంకెలేసిన పుల్లలుంటాయి. మోకాళ్ళ మీద కూర్చుని, ప్రశ్న మనసులో అనుకుని, ఒక్క పుల్ల జారిపడేదాకా ఊపాలి. గొట్టం కాస్త ముందుకి వంచి, బియ్యం చెరిగినట్టు నెమ్మదిగా ఊపు. మొదటిసారి నేను హడావుడిగా ఊపితే అరడజను పుల్లలు ఒక్కసారే పడ్డాయి, పక్కనున్నావిడ నవ్వి, ఏరి మళ్ళీ గొట్టంలో వేసిచ్చింది. ప్రశ్న ఒక్కటే అనుకో. ఉద్యోగం, పెళ్ళి, ఇల్లు అన్నీ కలిపి అడిగితే జవాబు దేనికొచ్చిందో నీకే తెలీదు. అంకె రాసుకో, మర్చిపోతావు.

అర్థం చెప్పేవాళ్ళ కొట్లు గుడి పక్కనే బారుగా ఉంటాయి. కూర్చోకముందే ఎంతో అడుగు. నేను అడక్కుండా కూర్చున్నాను, పుల్లకి జవాబు చెప్పి, చెయ్యి చూసి, మొహం చూసి మూడింటికీ డబ్బులు తీసుకున్నాడు.

కింద నేలమాళిగలో తాయ్ సుయ్ మందిరం ఉంది, 2011లో తెరిచారు, దానికి మాత్రం టికెట్. మన ప్రభవ, విభవల్లాగే వాళ్ళకీ 60 ఏళ్ళ చక్రం, ఏడాదికో దేవుడు, ఆ దేవుళ్ళే తాయ్ సుయ్. నేను పుట్టిన శార్వరి వాళ్ళకి ఎలుక సంవత్సరం. నా దేవుడి ముందు నిలబడ్డప్పుడు పరాయి ఊళ్ళో ఉన్నాననిపించలేదు.

పెళ్ళిళ్ళు కుదిర్చే యుయే లావో విగ్రహం కూడా ఉంది, ఎర్రదారం పట్టుకుని మొక్కుతారు. నేను చెప్పానని మీ అమ్మతో అనకు. పుల్ల అంకె ఎంతో ఆ రోజే వాట్సాప్ చెయ్యి.

పెద్దమ్మ